“ఎవరి ప్రమాదం?” అని తాతయ్య ఎందుకడిగాడు? ఈ మాటకి అసలు అర్థం ఏంటి?

వేళచ్చేరి_వాసి:
అందరికీ నమస్కారం. చెన్నైలో ఉన్న మనవాళ్ళలో సంస్కృతం, తమిళం కాస్త తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట గురించి అడగాలి, మూడు వారాలుగా బుర్రలో అదే తిరుగుతోంది.

మాది ఒంగోలు. ఇక్కడ వేళచ్చేరిలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా. పోయిన నెల అమ్మా నాన్నా వచ్చారు. వచ్చిన రెండో రోజు సాయంత్రం వాన వెలిసాక నాన్న పాల ప్యాకెట్ కోసం కిందకి దిగి, గేటు పక్కన వాన కాలవ మీద పలక తీసేసి ఉన్న చోట కాలు పెట్టేశాడు. పొద్దున ఎవరో పైపు పని చేసి పలక పక్కకి జరిపి అట్లాగే వదిలేసి పోయారు, పైన నీళ్ళు నిలబడి ఉంటే ఏది నేలో ఏది గుంటో ఏం తెలుస్తుంది, మడమ దగ్గర ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలోంచి ఊళ్ళో ఉన్న తాతయ్యకి ఫోన్ చేశా. తాతయ్యకి 86, హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. “తాతయ్యా, నాన్నకి చిన్న ప్రమాదం జరిగింది, కంగారు పడకు” అన్నా. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత “ఎవరి ప్రమాదం రా?” అన్నాడు. సరిగ్గా వినపడలేదేమో అనుకుని “నాన్నకి తాతయ్యా, నాన్నకి” అని గట్టిగా చెప్పా. “వాడికి దెబ్బ తగిలిందని అర్థమైంది, ప్రమాదం ఎవరిదీ అంటున్నా” అన్నాడు. నాకేం చెప్పాలో తెలీక ఫోన్ అమ్మకిచ్చేశా.

ఇది ఒకటి. పన్నెండో రోజు ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వచ్చి, దెబ్బ తగిలిన కాలు మోపకుండా వాకర్‌తో నడిపించాడు. నాన్న ఆరడుగులు వేశాడు. ఆ అబ్బాయి చప్పట్లు కొట్టి “ప్రమాదం సార్! ప్రమాదం!” అన్నాడు. నాన్న వాకర్ వదిలేసి నా భుజం పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతోంది, ప్లేట్ ఏమైనా కదిలిందేమో అనుకున్నాట్ట.

ఒకే మాట, తాతయ్యకి ఒకటీ నాన్నకి ఒకటీ ఆ అబ్బాయికి ఇంకోటీ. ఎందుకిట్లా?

నెల్లూరు_నాని:
ముందు నాన్నగారు ఎట్లున్నారన్నా? తమిళంలో ప్రమాదం అంటే సూపర్, బ్రహ్మాండం అని. కాఫీ బావుంటే ప్రమాదం, పాట బావుంటే ప్రమాదం. తాతయ్యగారు అడిగింది మాత్రం నాకూ అర్థం కాలా.

టీనగర్_అమ్మణ్ణి:
పేరు తెలీదు గానీ, బాబూ, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. నేను సంస్కృతం ఎం.ఏ., ఇక్కడ పిల్లలకి ఇంట్లో చెప్తుంటాను కాబట్టి ఈ మాట మీద నాలుగు ముక్కలు చెప్పగలను, కొంచెం పొడుగవుతుంది.

మీ తాతయ్యగారు ఆ మాటని సంస్కృతంలో ఉన్న అర్థంతో వాడారు. సంస్కృతంలో ప్రమాదం అంటే యాక్సిడెంట్ కాదు, అపాయమూ కాదు. ఏమరుపాటు. చూసుకోవాల్సింది చూసుకోకపోవడం. అమరకోశంలో రెండే మాటల్లో ఉంది, “ప్రమాదోఽనవధానతా” అని. అనవధానత అంటే అవధానం లేకపోవడం. అవధానం మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా, అష్టావధానం చూసినవాళ్ళకి తెలుసు, ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన ఒక్కో అక్షరం నిషేధిస్తూ పోతాడు, పక్కనుంచి గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి మీ ఇంట్లో ఇవాళ కూరేంటి అని అడుగుతాడు, అవధాని వీటన్నిట్లో ఒక్కటి కూడా జారనివ్వకూడదు. ఆ జారడమే ప్రమాదం. అవధానానికి ఎదురు మాట అది.

ధాతువు “మద్”. ముందు “ప్ర” చేరింది. మద్ అంటే మత్తెక్కడం, ఒళ్ళు తెలీని సంతోషంలో ఉండడం. మదం, మద్యం, మదిర, ఉన్మాదం, మత్తు అన్నీ దాని పిల్లలే. ప్రమత్తుడు అంటే మొదట మత్తులో ఉన్నవాడు, తర్వాత తాగకపోయినా తాగినవాడిలా ఒంటి మీద ధ్యాస లేకుండా పని చేసేవాడు. కాళిదాసు మేఘసందేశం మొదటి శ్లోకంలో యక్షుడు “స్వాధికారాత్ ప్రమత్తః”, అంటే తనకిచ్చిన పనిలో ఏమరినవాడు, అందుకే ఏడాదిపాటు ఊరొదిలి పోవాల్సొచ్చింది.

తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు పూర్తయి ఇంటికెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలు చాలామంది వినుంటారు, సత్యం వద, ధర్మం చర అని. ఆ తర్వాత కాసేపటికే “సత్యాన్న ప్రమదితవ్యం, ధర్మాన్న ప్రమదితవ్యం” అని వస్తుంది. సత్యం విషయంలో ఏమరకు, ధర్మం విషయంలో ఏమరకు అని. ఇప్పటి తెలుగు అర్థం పెట్టి చదివితే ఆ వాక్యం అసలు నిలబడదు.

అందుకని “ఎవరి ప్రమాదం?” అంటే ఎవరు ఏమరారు, ఎవరు చూసుకోలేదు అని. మీ నాన్నగారు చూసుకోలేదా, పలక తీసినవాడు చూసుకోలేదా అని అడుగుతున్నారాయన.

వేళచ్చేరి_వాసి:
అమ్మా, ఇది చదివి ఒక నిమిషం అట్లా కూర్చుండిపోయా. నాన్నని తిడుతున్నాడేమో అనుకున్నా ఆ రాత్రి. థాంక్యూ సో మచ్.

ఇంకోటి ఇప్పుడే తట్టింది. తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలో “తీర ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి” అంటారు కదా. అప్రమత్తం కూడా ఇదేనా?

టీనగర్_అమ్మణ్ణి:
అదే! పాత అర్థం తెలుగులో అక్కడ చెక్కు చెదరకుండా ఉంది. ప్రమత్తుడు కానివాడు అప్రమత్తుడు. మెలకువగా ఉన్నవాడు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా ప్రమాదం, అప్రమత్తం రెండూ ఉన్నాయి, ఒకడు పాత ఊరి యాసలోనే మాట్లాడుతున్నాడు, ఇంకోడు మార్చేసుకున్నాడు.

“ప్రమాదో ధీమతామపి” అని పెద్దవాళ్ళు అనేది కూడా అంతే, ఎంత తెలివిగలవాళ్ళకైనా పొరపాటు జరుగుతుంది అని. అట్లాగే పాత కావ్యాలకి పరిష్కర్తలు రాసిన పీఠికల్లో “లేఖక ప్రమాదం” అని కనపడుతుంది. తాటాకు మీద ఎత్తి రాసినవాడు ఒక అక్షరం వదిలేస్తే లేఖక ప్రమాదం. మా అమ్మాయి అది చదివి, రాసేవాడికి ఏమైందమ్మా అని అడిగింది.

పెరంబూర్_పెద్దాయన:
చాలా మంచి చర్చ. మాది మూడు తరాలుగా పెరంబూరు, నాన్నగారు 1955లో కోచ్ ఫ్యాక్టరీ మొదలైన కొత్తలోనే చేరారు, నేనూ అక్కడే రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. కాబట్టి అరవం వైపు సంగతి నేను చెప్తాను.

ఇక్కడివాళ్ళు ప్రమాదం అంటే బ్రహ్మాండం అంటారు, నిజమే. కానీ ఆ అర్థం ఒక్కసారిగా ఊడిపడలేదు, మధ్యలో ఒక మెట్టు ఉంది, అది ఇప్పటికీ వాడుకలో ఉంది. మీరు ఎవరికైనా సాయం చేసి వాళ్ళు థాంక్స్ చెప్తే “అదు ఒణ్ణుం ప్రమాదమిల్లె” అంటారు. అంటే అదేమంత పెద్ద సంగతి కాదులే అని. అదేమంత బ్రహ్మాండం కాదు అని కాదు, గమనించండి. గోరంతని కొండంత చేసి చెప్పేవాణ్ణి “ప్రమాదపడుత్తాదే” అని కసురుతారు. అంటే ఏమరుపాటు నుంచి తప్పు, తప్పు నుంచి ముప్పు, ముప్పు నుంచి “పెద్ద విషయం”, పెద్ద విషయం నుంచి “గొప్ప విషయం”. ఇట్లా జరిగుంటుందని నా నమ్మకం. మనవాళ్ళు మాత్రం ఏం తక్కువ, మా మనవడు సినిమా బావుంటే “అరాచకం తాతా” అంటాడు, బిర్యానీ బావుంటే “బీభత్సం” అంటాడు. అరవ పిల్లలు “బయంగరమా నల్లా ఇరుక్కు” అంటారు. భయపెట్టే మాటకి బలం ఎక్కువ, మెచ్చుకోడానికి జనం దాన్నే తీసుకుంటారు.

ఇంక యాక్సిడెంట్‌కి అరవంలో మాట “విబత్తు”. మన విపత్తే. మనకి విపత్తు అంటే వరదలూ తుఫానులూ, వీళ్ళకి బైకు ఆటోని గుద్దినా విబత్తే. సాలై విబత్తు అని పేపర్లో రోజూ ఉంటుంది. కరెంటు డబ్బాల మీద పుర్రె బొమ్మ కింద మాత్రం “అపాయం”. అది ఇద్దరికీ ఒకటే, దేవుడి దయ వల్ల.

నెల్లూరు_నాని:
పెద్దాయన గారూ, నాకొక డౌటు. తమిళంలోది ప్రమోదం ఏమో కదా? ఆమోదం ప్రమోదం అంటాం, సంతోషం అని. దాన్నే వాళ్ళు ప్రమాదం అని పలికి ఉండొచ్చు కదా.

పెరంబూర్_పెద్దాయన:
అట్లా అనిపిస్తుంది గానీ కాదు నాయనా. అరవం లిపిలో తకీ దకీ ఒకటే అక్షరం గానీ, “మా”కీ “మో”కీ తేడా స్పష్టంగా రాస్తారు. ఇది మా. పైగా ప్రమోదమే అయితే “ఒణ్ణుం ప్రమాదమిల్లె” అన్న వాడుకకి అర్థం కుదరదు.

టీనగర్_అమ్మణ్ణి:
నిజమే, ధాతువులు కూడా వేరు. ప్రమోదం “ముద్” నుంచి. ముదం, మోదం, మోదకం ఆ ఇంటివి. కానీ నానీ, మీరు అనుకున్నది పూర్తిగా గాల్లో లేదు, మద్‌లో కూడా సంతోషం ఉంది. ప్రమద అంటే స్త్రీ, ప్రమదావనం అంటే అంతఃపుర స్త్రీలు విహరించే తోట. సంతోషం కొంచెం దాటితే మత్తు, మత్తు దాటితే ఏమరుపాటు.

మల్లేశ్వరం_సుధ:
బెంగళూరు నుంచి. మాకు ఇక్కడ ఇంకో రకం. కన్నడంలో ప్రమాద అంటే పొరపాటు, అదీ మామూలుది కాదు, పెద్ద తప్పు. ఎవరైనా లెక్కల్లో ఘోరమైన తప్పు చేస్తే “దొడ్డ ప్రమాద ఆయితు” అంటారు. యాక్సిడెంట్‌కి అపఘాత. హైవే మీద “అపఘాత వలయ” అని పసుపు బోర్డులుంటాయి, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి అర్థం కాదు.

మా ఆఫీసులో మలయాళీ అమ్మాయి ఉంది, ఇప్పుడే అడిగా. వాళ్ళకి “ప్రమాదమాయ కేసు” అంటే పేపర్లలో మారుమోగిపోయిన కేసు అట, హత్యలూ గట్రా. పెద్దాయన గారు చెప్పిన మధ్య మెట్టు మలయాళంలో అట్లాగే ఉన్నట్టుంది, పెద్దది, సంచలనం, కానీ ఇంకా మంచిది కాలేదు. వాళ్ళకి యాక్సిడెంట్ అంటే అపకటం.

అంటే చుట్టుపక్కల చూస్తే ఈ మాటని యాక్సిడెంట్‌కి వాడేది మనమే!! రోడ్డు ప్రమాదం, అగ్ని ప్రమాదం, రైలు ప్రమాదం. నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడుండి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎగ్మోర్_నడక:
నేను పాళీ కొంచెం చదివినవాణ్ణి. బౌద్ధంలో ఈ మాటకి ఉన్నంత గౌరవం ఇంకెక్కడా లేదేమో. ధమ్మపదంలో రెండో వర్గం పేరే అప్పమాద వగ్గం. మొదలే “అప్పమాదో అమతపదం, పమాదో మచ్చునో పదం”. మెలకువ అమృతానికి దారి, ఏమరుపాటు చావుకి దారి. బుద్ధుడు కన్ను మూసే ముందు చెప్పిన ఆఖరి మాటలో కూడా ఇదే, “అప్పమాదేన సంపాదేథ”, ఏమరకుండా సాధించుకోండి అని. మహాభారతంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రుడికి చెప్పింది కూడా దాదాపు ఇదే, ప్రమాదమే మృత్యువు అంటాను అని.

ఇంకోటి చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర బేస్‌నగర్‌లో ఒక రాతి స్తంభం ఉంది, తక్షశిల నుంచి రాయబారిగా వచ్చిన హీలియోడోరస్ అనే గ్రీకువాడు వాసుదేవుడి పేర నిలబెట్టిన గరుడ స్తంభం, క్రీస్తుకి ముందు రెండో శతాబ్దం చివరిది. దాని మీద స్వర్గానికి తీసుకెళ్ళే మూడు మెట్లు అని చెక్కి ఉంది. దమం అంటే ఇంద్రియ నిగ్రహం, త్యాగం, అప్రమాదం. ఎక్కడి గ్రీకువాడు, ఎక్కడి మాట. ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాల గదిలోకి వెళ్ళినప్పుడల్లా నాకు అప్పమాదం అనే మాటే గుర్తొస్తుంది. ఆ సున్నపురాయి మీద చెక్కినవాడి ఉలి ఒక్క వెంట్రుకవాసి జారినా అంతే కదా, ఆ బొమ్మ కనుబొమ్మ పోయేది.

నెల్లూరు_నాని:
ఇవన్నీ చదువుతుంటే బావుంది గానీ నేను ఒకటి ఒప్పుకోను. రెండు వేల ఏళ్ళ కింద ఏదో అర్థం ఉందని ఇప్పుడు వాడేది తప్పు అనకూడదు. ఇవాళ తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంటే, లేదంటే డేంజర్. ప్రతి దాంట్లో ఎవరిదో తప్పు ఉండాలని లేదు కదా. 2004 డిసెంబర్ 26న మెరీనా మీదకి సముద్రం వచ్చింది, ఎవరి ఏమరుపాటు అది?

టీనగర్_అమ్మణ్ణి:
తప్పు అని నేనూ అనలేదు నానీ. కానీ మీరు చెప్పిన దాన్నే చూడండి. సునామీని మీరు ఎప్పుడైనా “సునామీ ప్రమాదం జరిగింది” అన్నారా? విపత్తు అంటాం, ఉపద్రవం అంటాం, ప్రకృతి వైపరీత్యం అంటాం. పడవ ప్రమాదం, బస్సు ప్రమాదం, అగ్ని ప్రమాదం అంటాం. మనిషి చెయ్యి ఉన్నచోటే ఆ మాట వస్తోంది. నేర్పించకపోయినా నాలుకకి గుర్తుంది.

నెల్లూరు_నాని:
“సునామీ ప్రమాదం పొంచి ఉంది” అంటారు కదక్కా.

టీనగర్_అమ్మణ్ణి:
అంటారు, ఒప్పుకున్నా. అది ముప్పు అనే అర్థంలో. జరిగిపోయాక మాత్రం అనరు.

క్లెయిమ్స్_గుమాస్తా:
నేను ఒక లాయర్ గారి దగ్గర గుమాస్తాని, యాక్సిడెంట్ క్లెయిముల పని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. తెలుగు పార్టీలు వస్తే వాళ్ళు చెప్పింది రాసుకునే పని నాది. ఈ చర్చ చదివాక నాకు చాలా పాత కేసులు గుర్తొచ్చాయి.

వచ్చే ప్రతి ఒక్కరూ “ప్రమాదవశాత్తు” అనే మొదలెడతారు. ప్రమాదవశాత్తు బండి మీద నుంచి పడిపోయాడు సార్, ప్రమాదవశాత్తు లారీ తగిలింది సార్. పేపర్లు చదివి అలవాటైన మాట. నేను ఎప్పుడూ ఆపి అడుగుతా, లారీ ఇండికేటర్ వేసిందా, రాంగ్ సైడ్ వచ్చిందా, లైట్లు ఉన్నాయా అని. ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిమ్ వేస్తే డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి, ప్రమాదవశాత్తు అని రాసుకుంటే ఎవరి నిర్లక్ష్యమూ కాదు అని మనమే సంతకం పెట్టినట్టు ధ్వనిస్తుంది. అమ్మణ్ణి గారు చెప్పింది చూశాక తెలిసింది, ప్రమాదవశాత్తు అంటే అసలు అర్థం ఏమరుపాటు వల్ల అనే కదా! ఎంత తలకిందులైపోయింది. నిర్లక్ష్యం వల్ల అని చెప్పాల్సిన మాటే ఎవరి తప్పూ లేదు అని చెప్పే మాటైపోయింది. పేపర్లో “డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం” అని రాస్తారు, పాత లెక్కలో అయితే ఏమరుపాటు వల్ల ఏమరుపాటు అని.

నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్ళ దాకా శిక్ష, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106 కింద అయిదేళ్ళ దాకా. చట్టం ఆ పనిని చూస్తుంది, చేసిన మనిషిని చూస్తుంది. మన మాట మాత్రం జరిగిన సంఘటన మీదే ఆగిపోతోంది.

వేళచ్చేరి తమ్ముడూ, మీ నాన్నగారిది బండి కేసు కాదు కాబట్టి మా ట్రిబ్యునల్‌కి రాదు. కానీ ఫిర్యాదు ఎక్కడ ఇచ్చినా సరే, పలక ఎవరు తీశారు, ఏ పూట తీశారు, పక్కన అడ్డంగా ఏమైనా పెట్టారా, వెలుతురు ఉందా, ఇవి రాయండి. ఫోటో తీశారా?

వేళచ్చేరి_వాసి:
తీశానన్నా, ఆ రాత్రే మా ఆవిడ తీసింది. పలక గోడకి ఆనించి ఉంది, పక్కన పైపు ముక్కలు కూడా ఉన్నాయి.

అంబత్తూర్_షిఫ్ట్‌బి:
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను. ప్రెస్ షాపులో, అంటే ముక్కల్ని నొక్కే మెషీన్లుండే చోట, మెషీన్‌కి రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ కిందకి దిగుతుంది, రెండు చేతులూ బటన్ల మీద ఉంటే లోపల చెయ్యి ఉండదని. మా దగ్గర ఒక మెషీన్ మీద ఎడమ చేతి బటన్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించి కట్టేశారు, ఎప్పుడూ నొక్కినట్టే ఉండేలా. ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో ముక్క పెట్టుకోవచ్చు, గంటకి ఓ పాతిక ముక్కలు ఎక్కువ వస్తాయి. శ్రీకాకుళం పిల్లాడు, పంతొమ్మిదేళ్ళు, చూపుడువేలు కొస పోయింది.

రిజిస్టర్లో నేనే రాశా. తెలుగు పిల్లాడు కాబట్టి వాళ్ళ నాన్నకి ఫోన్ కూడా నేనే చేశా. “ప్రమాదం జరిగిందండీ” అన్నా. ఆయన “మీరేం చేస్తారు బాబూ, ప్రమాదం కదా” అన్నాడు.

ఆ ట్యూబు ముక్క నెల రోజులుగా అక్కడే ఉంది. ఆపరేటర్లు చూశారు, సూపర్‌వైజర్ చూశాడు. నేను చూశా. రెండు సార్లు విప్పమన్నా, మళ్ళీ కట్టారు, మూడోసారి అనలేదు. మూడోసారి అనకపోవడం, అదే కదా అమ్మణ్ణక్కా మీరు చెప్పింది? వేలు పోయింది ఒక మంగళవారం నాడు, కానీ ప్రమాదం నెల ముందు నుంచీ ఉంది, దానికి నా పేరు కూడా ఉంది. ఆ తండ్రి నన్ను క్షమించింది ఆ మాట అడ్డం పెట్టుకుని. నాకు అప్పట్నుంచీ అది గొంతులో ఉంది.

మా షాపులో తమిళ పిల్లలు దీన్ని “అసాల్ట్” అంటారు. “అసాల్టా ఇరుక్కాదే” అంటే ఏముందిలే అన్నట్టు తేలిగ్గా ఉండకు అని. ఇప్పుడు పొద్దున మీటింగ్‌లో తెలుగు కుర్రాళ్ళకి నేను ప్రమాదాలు జరగకుండా చూసుకోండి అని చెప్పడం మానేశా. నిన్న ఎవరు ఏది చూసి వదిలేశారో చెప్పండి అంటున్నా. మొదట్లో ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. మొన్న ఒకడు మెషీన్ గార్డుకి, అంటే చెయ్యి పోకుండా ఉండే అడ్డుకి, బోల్ట్ ఒకటి లేదని చెప్పాడు.

టీనగర్_అమ్మణ్ణి:
తమ్ముడూ, మీరు రాసింది రెండు సార్లు చదివాను. అవును, మీరు అర్థం చేసుకున్నది సరిగ్గా ఉంది.

పెరంబూర్_పెద్దాయన:
అంబత్తూరు బాబూ, కోచ్ ఫ్యాక్టరీలో మా ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు, షిఫ్టు అయ్యాక అందరూ వెళ్ళాక ఒక్కడే చీకట్లో టార్చి వేసుకుని మెషీన్ మెషీన్‌కీ తిరిగేవాడు. అప్పుడు మేం నవ్వుకునేవాళ్ళం. బోల్ట్ లేదని చెప్పిన పిల్లాడికి నా తరఫున టీ ఇప్పించండి.

అరవంలో ఇంకో మాట గుర్తొచ్చింది, మెత్తనం. “అదికారిగళిన్ మెత్తనం” అని పేపర్లో వస్తుంది, అంటే అధికారుల అలసత్వం. మనకి మెత్తన అంటే పరుపు మెత్తన, ఇడ్లీ మెత్తన. వాళ్ళకి బిగువు లేకపోవడం అనే వైపు తిరిగింది. “ఏమారు” కూడా చూడండి, మనకి ఏమరడం అంటే అజాగ్రత్తగా ఉండడం, వాళ్ళకి ఏమారడం అంటే మోసపోవడం. మనకీ ఏమార్చాడు అంటే మోసం చేశాడనే కదా. ఏమరినవాడు మోసపోతాడు, రెండూ ఒక తాడు రెండు కొసలు.

మల్లేశ్వరం_సుధ:
సంవత్సరాల్లో ప్రమాదీచ అని ఉంది కదా, మా అక్క 1973లో పుట్టింది, ఆ ఏడాదే. అదీ ఇదేనా? పాపం అక్క ఎప్పుడూ ఆ పేరేంటో అని బాధపడుతుంది.

టీనగర్_అమ్మణ్ణి:
అవును, నలభై ఏడోది. అసలు పేరు ప్రమాది, చివర “చ” అంటే “మరియు”, శ్లోకంలో ఉన్న చ పేరుకి అంటుకుపోయింది. పదమూడోది ప్రమాథి మాత్రం వేరు, అది “మథ్” నుంచి, చిలకడం. అక్కగారిని బాధపడొద్దని చెప్పండి, ఆ తర్వాతి ఏడాది పేరు ఆనంద.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. గీత పద్నాలుగో అధ్యాయంలో తమోగుణం మనిషిని దేనితో కట్టేస్తుందో చెప్తూ “ప్రమాదాలస్యనిద్రాభిః” అని ఉంది. తెలుగువాళ్ళు చూస్తే ప్రమాదం, ఆలస్యం, నిద్ర అని చదువుతారు. సంస్కృతంలో ఆలస్యం అంటే లేటు కాదు, బద్ధకం. బద్ధకం అనే మాట మనదగ్గరికొచ్చి లేటయింది, ఏమరుపాటు అనే మాట యాక్సిడెంటయింది. రెండు మాటల్లోనూ మనిషిలో ఉన్న లోపం జారిపోయి బయట కనపడేదే మిగిలింది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, పిల్లలకి ఈ శ్లోకం చెప్పేటప్పుడు అరగంట దీని మీదే కూర్చుంటా.

నెల్లూరు_నాని:
అక్కా, ఇది మాత్రం ఒప్పుకుంటున్నా. భాష మారుతుంది అన్నా కదా, మారేటప్పుడు ఏం జారిపోయిందో చూసుకోవాలి అని నేను ఆలోచించలా. అంబత్తూరు అన్న రాసింది మా టీమ్‌లో తెలుగువాళ్ళకి పంపించా.

వేళచ్చేరి_వాసి:
అందరికీ అప్‌డేట్. నిన్న ఫిర్యాదు మళ్ళీ రాశా. ముందు రాసిన దాంట్లో “మా నాన్నగారు ప్రమాదవశాత్తు కాలవలో పడి” అని ఉంది, గుమాస్తా అన్న చెప్పినట్టు కొట్టేశా. “ఉదయం పైపు పని చేసినవాళ్ళు కాలవ మీద పలక తీసి, తిరిగి మూయకుండా, అడ్డు పెట్టకుండా వదిలి వెళ్ళారు. సాయంత్రం ఆరున్నరకి నీళ్ళు నిలిచి ఉన్న ఆ చోట మా నాన్నగారు కాలు పెట్టారు” అని రాశా. పక్కింటి అంకుల్ దాన్నే తమిళంలో రాసిచ్చారు. రాస్తున్నప్పుడు ఇంకోటి కూడా ఒప్పుకోవాల్సొచ్చింది. ఆ పొద్దున ఆఫీసుకి వెళ్తూ ఆ పలక పక్కన ఆనించి ఉండడం నేను చూశా. బైక్ కొంచెం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయా. ఫిర్యాదులో అది రాయలేదు గానీ తాతయ్యకి ఫోన్ చేసి చెప్పా.

తాతయ్య ఏం అనలేదు. నాన్న ఎన్ని అడుగులు వేస్తున్నాడని అడిగాడు, నలభై అని చెప్పా, ఫిజియో అబ్బాయి ప్రమాదం అంటే ఇప్పుడు నాన్న కూడా నవ్వుతున్నాడని చెప్పా. తర్వాత “ఆ పలక పెట్టారా?” అన్నాడు.

ఇంకా పెట్టలేదు. ప్రస్తుతానికి నేనూ వాచ్‌మనూ కలిసి పాత తలుపు చెక్క ఒకటి అడ్డం వేసి, దాని మీద ఎర్ర బకెట్ బోర్లించి పెట్టాం. రేపు పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ వెళ్తున్నా.

అంబత్తూర్_షిఫ్ట్‌బి:
రాత్రి బకెట్ కనపడదు తమ్ముడూ. తెల్ల పెయింట్ ఉంటే చెక్క అంచు మీద ఒక గీత గియ్యి.